కుడి తొండం తలుపు

మా అబ్బాయి గుడివాడలో ఇల్లు కట్టుకుంటుంటే వీధి తలుపులు వియ్యాలవారు ఇస్తామన్నారు. అవనిగడ్డ నుంచి మా వియ్యపురాలు ఫోన్ చేసి, "వదినగారూ, టేకు మాది, బొమ్మలు మీ ఇష్టం" అంది. బొమ్మలు మా ఇష్టం అన్నావిడ మర్నాడే నెమళ్ల ఫోటోలు పంపింది.

నా వరకు తలుపంటే గడియ సరిగ్గా పడాలి, వానకి ఉబ్బకూడదు. అంతకుమించి తలుపుతో నాకు పనిలేదు. కానీ ఊరుకుంటే తలుపు నిండా నెమళ్లే అవుతాయని బందరులో బస్సెక్కి గుడివాడ వెళ్లాను.

ఇప్పుడు చెక్కేది ఉలితో కాదు, కంప్యూటర్ మిషన్‌తో. సీఎన్‌సీ అంటారు. షాపులో ఒకమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు కలుపుతుంది, వెనక షెడ్డులో మిషన్ చెక్కుతుంది. దేవుళ్లు, తీగలు, జంతువులు అన్నీ ఆ కంప్యూటర్‌లో విడివిడిగా ముందే ఉన్నాయి. కావలసినవి ఏరుకుని ఒక చెక్క మీద సర్దించుకోవడమే. పచారీ కొట్లో సామాన్లు కట్టించుకున్నట్టే ఉంది. వియ్యపురాలికి నెమలి కావాలి, నాకు మధ్యలో వినాయకుడు కావాలి, కోడలికి అంచున మల్లెతీగ కావాలి, మా అబ్బాయికి త్వరగా ఇంటికెళ్లాలి.

మొదటిసారి కలిపేసరికి మల్లెతీగ వెళ్లి వినాయకుడి బొజ్జ మీద మొలిచింది.

"ఇదేమిటమ్మా?" అన్నాను.

"కంప్యూటర్‌ని కూడమన్నాను మామ్మగారూ. అలా అంటే రెండు బొమ్మల ఎత్తులూ కూడేస్తుంది. బొజ్జ ఎత్తు మీద ఆకు ఎత్తు పడింది. అలా కాకుండా ఎత్తైనదే ఉంచమంటే, తగ్గుగా ఉన్నది వెనక్కి పోతుంది."

"అయితే అలాగే అనవచ్చుగా."

అలాగే అంది. తీగ బొజ్జ వెనక్కి పోయింది. కానీ నెమలి తోక వినాయకుడి చెవికంటే ఎత్తుగా ఉండి చెవిని మింగేసింది. నెమలిని తగ్గించమన్నాను. తగ్గించింది. ఇంకా తగ్గించమన్నాను.

"ఇంకా తగ్గిస్తే కోడిపెట్టలా ఉంటుంది మామ్మగారూ" అంది.

అక్కడితో ఆపాను. మొత్తం చెక్కడం లోతు కూడా తగ్గించమన్నాను. సందుల్లో దుమ్ము తుడిచేది మిషన్ కాదు.

ఒక తలుపు రెక్కకి బొమ్మ సిద్ధమైంది. రెండో రెక్కకి వేరే డిజైన్ చేస్తే దానికి వేరే ఛార్జీ అంది ఆ అమ్మాయి. లేదంటే ఇదే బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పి వేస్తానంది, దానికి ఛార్జీ లేదు. ఛార్జీ లేనిదాన్నే వేయమన్నాను. తిరగేయడం నాకు కొత్తేమీ కాదు. బందరులో మా పక్కవీధిలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లు బొమ్మని తిరగేసే చెక్కుతారు. గుడ్డ మీద అద్దితే సరిగ్గా వస్తుంది. ఇదీ అంతే అనుకున్నాను. తలుపుని ఎవరూ గుడ్డ మీద అద్దరని అప్పుడు తోచలేదు.

తలుపులు వచ్చాయి, బిగించారు. నెమళ్లు ఎదురెదురుగా చక్కగా కుదిరాయి. గృహప్రవేశానికి ముందు ఒకసారి చూసుకుంటానని వియ్యపురాలు అవనిగడ్డ నుంచి వచ్చింది. చెప్పులు విడవకుండానే గుమ్మం ముందు నిలబడిపోయింది.

"వదినగారూ, ఈ రెక్క మీద స్వామికి తొండం కుడివైపు తిరిగింది."

చూశాను. తిరిగింది.

"మనకి ఎడమవైపేగా అత్తయ్యగారూ" అన్నాడు మా అబ్బాయి.

"పూజ ఆయనకా మనకా అల్లుడుగారూ?"

కుడి తొండం వినాయకుడు ఇంట్లో ఉంటే నియమాలు ఎక్కువని మా వైపు అందరూ అనేదే. రోజూ తలస్నానం చేసి, మడి కట్టుకుని, ఎవరూ గడప దాటకముందే ఉండ్రాళ్లు నైవేద్యం పెట్టాలంది వియ్యపురాలు. ఒక్కరోజు తప్పినా ఇంటికి మంచిది కాదంది. మా కోడలు పామిడిముక్కల వైపు ఒక స్కూల్లో టీచరు. బస్సు కోసం చీకటితోనే బయల్దేరుతుంది. ఉండ్రాళ్లు వండి బస్సు పట్టుకోవడం ఎవరివల్లా కాదు. ఆ పిల్ల తలుపు వంక కాకుండా నా వంక చూసింది. ఉద్యోగం మానెయ్యమంటానేమో అనుకుని ఉంటుంది. నన్ను చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

షాపు అమ్మాయికి ఫోన్ చేసి, తొండం అటు తిప్పడానికి వీలుందా అని అడిగాను.

"చెక్క తీయగలం గానీ పెట్టలేం మామ్మగారూ. కావాలంటే స్వామిని మొత్తం తీసేసి, ఇంకా లోతులో పూర్ణకుంభం చెక్కి ఇస్తాను."

వియ్యపురాలు చెవి ఒగ్గి వింటూనే ఉంది. "దేవుణ్ణి చెక్కేస్తారా?"

"ఏటా నిమజ్జనం చేస్తాంగా అమ్మా" అంది ఫోన్లో ఆ అమ్మాయి.

"అది నీళ్లలో. ఇది మిషన్ కింద."

ఇక నేను ఫోన్ పెట్టేసి చెప్పాను. "సరేనండి వదినగారూ. నియమమంటే నియమమే. అమ్మాయికి కుదరదు కాబట్టి నేనే వచ్చి ఇక్కడ ఉంటాను. నాలుగింటికి అందర్నీ లేపుతాను. చన్నీళ్ల స్నానాలు. గీజరు ఎలాగూ అక్కర్లేదు, తీయించేద్దాం. నైవేద్యం అయ్యేదాకా ఎవరికీ కాఫీ లేదు. ఇంట్లోకి ఉల్లిపాయ రాకూడదు."

మా అబ్బాయి కొత్త టైల్స్ చూసుకుంటున్నాడు. కోడలు వాళ్లమ్మ వంక చూసింది. వాళ్లమ్మ కూతురి వంక చూసింది.

"మరీ అంత పట్టింపు అక్కర్లేదేమోలెండి వదినగారూ" అంది వియ్యపురాలు. "చెక్క మీద బొమ్మేగా. ప్రతిష్ఠ చేసిందేం కాదు. వెళ్తూ వెళ్తూ చిన్న బెల్లం ముక్క పెట్టినా సరిపోతుంది."

"సరిపోతుందంటారా? ఉండ్రాళ్లన్నారు ఇందాక."

"బెల్లం చాలండి."

"మడి?"

"స్నానం చేసి ఉంటే చాలు."

"మీరు పెద్దలు, మీరంటే ఇంకేముంది" అన్నాను.

బందరు వదిలి ఉండే ఉద్దేశం నాకు లేదు. మేడ మీద అప్పడాలు ఎండలో ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వియ్యపురాలు అప్పుడు చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. కోడలు ఫ్లాస్కులో తెచ్చిన కాఫీ అందరికీ పోసింది. నా గ్లాసులో అడక్కుండానే రెండో చెంచా చక్కెర వేసింది. వృథా అన్నాను, తాగాను.

ఇప్పుడు ఆ రెక్కకి ఎప్పుడూ గడియ వేసే ఉంచుతారు, రాకపోకలు రెండో రెక్కతోనే. కోడలు రోజూ ఆ రెక్క కింద చిన్న గిన్నెలో బెల్లం పెట్టి, తాళం వేసి, బస్సుకి వెళ్తుంది. గృహప్రవేశమైన వారానికి ఫోన్ చేసింది.

"అత్తయ్యగారూ, గుమ్మానికి చీమలు పట్టాయి. నెమలి తోకలోకి కూడా ఎక్కాయి."

"ముక్క ఎంతది పెడుతున్నావు?"

"ఉసిరికాయంత."

"కందిగింజంత పెట్టు" అన్నాను.