కొత్త రబ్బరు మీద తొలి సవారీ

ఎనభైల్లో ఓసారి విజయనగరం నుంచి మామిడిపళ్ళ లోడుతో లారీ డ్రైవరూ, సరుకు వెంట నేనూ కలకత్తా పోతున్నాం. ఖరగ్‌పూర్‌లో లారీ వెనక టైరుకి ఎక్కడో వేయించిన పై రబ్బరు ఊడి వేలాడింది. ఆ ఊళ్ళోనే ఇందా అనే పేటలో, అరిగిన టైర్లకి కొత్త రబ్బరు వేసే రీట్రెడింగ్ షాపులో మళ్ళీ వేయించాం. అవతల పళ్ళు మగ్గిపోతున్నాయి. నేను కూర్చున్నచోట కూర్చోలేక "ఇంకా ఎంతసేపు?" అని అడుగుతూనే ఉన్నాను.

టైరు బిగించాక డ్రైవరు దాని కింద నిమ్మకాయ పెట్టాడు. షాపాయన యోహాను గారు, అక్కడి రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పుట్టి పెరిగిన తెలుగాయన, అదే టైరు మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఇక కదులుతాం అనుకుంటే ఆయన కూడా కేబిన్‌లోకి ఎక్కారు.

"మీరెక్కడికండీ?"

"ఈ ఊరి సివర సౌరంగీ జంక్షను దాకా. నేనేసిన రబ్బరు మీద ముందల నేనే కూకోవాల బాబూ. మా నాయిన కాణ్ణించీ ఇంతే."

దారిలో ఆలస్యం గురించి మళ్ళీ మొదలెట్టాను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "కాసేపు మాటాడకండి. సెక్రం ఏటంటందో ఇంటన్నాను" అన్నారు.

ఖరగ్‌పూర్ చివరి ఆ చౌరంగీలో "ఠీక్ హై" అని దిగి, ఎండలో వెనక్కి నడిచి వెళ్ళిపోయారు. ఆయన తల పెట్టిన కిటికీలోంచి నేనూ తల బయటపెట్టి, చక్రం ఏమంటోందో వినసాగాను. కలకత్తా చేరేదాకా లోపలికి తీసుకోలేకపోయాను.