తేదీ తేలని సెలవు

కుమాసి నగరంలో ఎవరు కన్నుమూసినా, వారి చావు పోస్టరు ఆఫ్రాకోమా చేతి మీదుగా వెళ్ళినట్టే లెక్క. అసాఫో పేటలో ట్వుమాసి గారి ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చుని ఆమె ఎందరో పెద్దల ముఖాల మీది మచ్చలు తుడిచింది, ఊడిన పళ్ళు పెట్టింది, బతికుండగా ఎన్నడూ నవ్వని వారిని కాస్త నవ్వించింది. ముసలివాళ్ళకు "మహిమలోకపు పిలుపు" అనీ, పడుచువాళ్ళకు "ఎంత ఘోరం" అనీ శీర్షిక పెట్టడంలో ఆమె తీర్పుకు తిరుగులేదు. ఇందరిని సగౌరవంగా సాగనంపిన మనిషికి ఆ ప్రెస్సులోంచి తను కదలడం మాత్రం చేతకాలేదు.

దూరాన తేమా పట్నంలో మంచినీళ్ళ సీసాల కంపెనీవారు ఆమెను లేబుళ్ళ పనికి తీసుకున్నారు. జీతం మెరుగు. పైగా సీసాలు అమ్ముడుపోవడానికి ఎవరూ చావనక్కర్లేదు. "మీ యజమానికి నెల ముందు చెప్పి రండి" అన్నారు మర్యాదగా. చెబుదామని ఇస్త్రీ గౌను వేసుకుని వచ్చిన ఉదయమే ట్వుమాసి గారి తండ్రి పోయాడు.

"ఇప్పుడు చెప్పకు సిస్టర్," అన్నాడు మిషను నడిపే డాంకో. "నాన్న పోయిన మనిషికి పనిచేసే మనిషి కూడా మానేస్తోందని చెబుతావా? నీ నోటికి దయ లేదా? వారం దినం రానీ. ఆ రోజు బంధువులంతా కూడి ఖననం తేదీ చెబుతారు. అదయ్యాక చెప్పుకో."

సలహా మంచిదే. తేదీ తేలుతుందని నమ్మడమే ఆమె చేసిన తప్పు.

అక్కడ వంశం తల్లి వైపు నుంచే లెక్క, కనుక తండ్రి శవం ఆయన తల్లి వంశానిది. కొడుకు తన తల్లి వంశం వాడు, తేదీ మాట ఎత్తడానికి లేదు. పెట్టె కొనే గౌరవం మాత్రం అతనిదే. తేదీ పెట్టవలసినది పోయిన పెద్దాయన వంశానికి పెద్ద, అందరూ గౌరవంగా నానా అని పిలిచే నానా బ్రెంపాంగ్. ఆయన మొదట ఇంటికి రంగులు వేయాలన్నాడు. రంగులు ఆరాక బ్యాండువాళ్ళు ఖాళీ లేరన్నారు. వాళ్ళకు ఖాళీ దొరికేసరికి చీఫ్ గారు ఊళ్ళో చావు వేడుకలన్నీ కొన్నాళ్ళు ఆపమన్నాడు. పెద్దాయన మార్చురీలో చల్లగా, ఓపిగ్గా ఉన్నాడు. ఆయనకున్న ఓపిక ఆఫ్రాకోమాకు లేదు. మారిన ప్రతి తేదీకీ పోస్టరు దిద్దింది తనే మరి.

రంగు ఒక పిసరు తేడా వస్తే వీధి దద్దరిల్లేలా అరిచే ట్వుమాసి ఇప్పుడు సంతాపపు నల్లబట్ట కప్పుకుని, ఎవరేమన్నా తల ఊపుతూ కూర్చుంటున్నాడు. అలాంటివాడికి ఎలా చెప్పడం? తేమావాళ్ళు గడువు పొడిగించారు, మళ్ళీ పొడిగించారు. చివరికి ఫోనులో మర్యాద అయిపోయింది. "సోమవారం నువ్వు రాకపోతే ఇంకొకరు వస్తారు" అన్నారు.

ఆ గురువారం నానా బ్రెంపాంగ్ పోస్టరు చూడటానికి వచ్చాడు. దుఃఖంలో ఉన్నవాడికి ఏ కబురైనా పెద్దల ద్వారా వెళ్ళడమే పద్ధతి కదా అని ఆఫ్రాకోమా ఆయన ముందు వంగి సంగతి విన్నవించుకుంది.

నానా చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. "మంచి పిల్లవి. నేరుగా అతని చెవిన వేయలేదు. దీన్ని కుటుంబ సభలో పెడతాను."

"నానా, నేను మీ కుటుంబం కాదు."

"పోస్టరు నీ చేతిలో ఉందిగా? సంబంధం ఉన్నట్టే."

"సభ ఎప్పుడు నానా?"

"తేదీ ఇంకా అనుకోలేదు."

ఆఫ్రాకోమాకు అంతవరకు అణచుకున్నదంతా ఒక్కసారిగా నెత్తికెక్కింది. నానాకు వీపు చూపించకూడదన్నది కూడా మరిచి, గిరుక్కున తిరిగి, ట్వుమాసి గదిలోకి వెళ్ళి తలుపు మూసింది.

"బాస్, నాకు తేమాలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. మీ నాన్నగారు పోయారని ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇక నావల్ల కాదు."

ట్వుమాసి అరవలేదు. తల కూడా ఊపలేదు. "మొదట్లోనే చెబితే ఈపాటికి ఇంకో మనిషిని చూసుకునేవాణ్ణి."

"మీరు బాధపడతారని."

"బాధపడటం తప్ప నాకు వేరే పనేముంది ఇక్కడ?" అని కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏ రోజన్నావు?"

"సోమవారం."

"ఆలోచించాలి."

"దీనిలో ఆలోచించడానికేముంది బాస్?"

"మా నాన్నను ఎప్పుడు పూడ్చాలో నన్నొక్కడూ అడగలేదు. ఇన్నాళ్ళకు ఒక తేదీ నా దగ్గరికి వచ్చింది. అది కూడా తొందరగా తేల్చేయమంటావా?" గోడ మీది క్యాలెండరును ఆస్తి కాగితంలా చదివాడు. "బుధవారం వెళ్ళు."

"సోమవారం బాస్."

"మంగళవారం. నా మాటకు ఒక్క రోజు విలువ లేదా?"

"మంగళవారానికి నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు."

బయట నానా ఫోటోలో టోపీ ఉండాలా వద్దా అని డాంకోతో తర్కిస్తున్నాడు. ట్వుమాసి కాసేపు ఆ గొంతు విన్నాడు. నల్లబట్టను భుజం మీదికి సర్దుకుని, వంశపెద్ద తీరుగా గొంతు సవరించుకున్నాడు.

"అన్ని విధాలా ఆలోచించాను. నువ్వు సోమవారం వెళ్ళాలని నిర్ణయించాను."

ఆఫ్రాకోమా నోటి దాకా వచ్చిన మాట మింగి, మోకాళ్ళు కొంచెం వంచింది. "మీరెలా అంటే అలాగే బాస్."

ఆమె తలుపు తీయకముందే వెనకనుంచి వీధి దద్దరిల్లేలా కేక వినబడింది. "డాంకో! ఆఫ్రాకోమా సోమవారం వెళ్తోంది. తేదీ నేనే పెట్టాను."