తిన్నని గీత
ఇంజనీరింగ్ కాలేజీలో కంట్రోల్ సిస్టమ్స్ పాఠం చెప్పే మాస్టారి కుడిచెయ్యి ఏడాదిగా వణుకుతోంది. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని బోర్డు మీద రాస్తారు. ఆ రోజు మోటారు వేగం గ్రాఫు గీస్తున్నారు. మొదట ఊగినా, ఎంత తప్పిందో ఫీడ్‌బ్యాక్ చూసి దిద్దుతూ పోతే వేగం నిలకడకు వస్తుందని చెప్పి, చివర తిన్నని గీత గీయబోయారు. అది అలలు అలలుగా వచ్చింది. చెరిపి, ఇంకా గట్టిగా పట్టుకుని గీస్తే మరింత వంకర పోయింది. వెనక్కి తిరిగేసరికి ముందు బెంచీ అమ్మాయి ఆ వంకరలన్నీ పొల్లుపోకుండా నోట్సులోకి ఎక్కిస్తోంది.

"అక్కడ తిన్నగా గీయమ్మా," అన్నారు.

"బోర్డు మీద ఊగుతోంది కదా సార్. ఇంకా నిలకడకి రాలేదేమో అనుకున్నా."

"మోటారుది వచ్చేసిందమ్మా. ఆ ఊపు నా చేతిది. నువ్వొచ్చి గీయి."

ఆ అమ్మాయి తలెత్తకుండా వచ్చి ఒక్క విసురులో తిన్నగా గీసింది. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, క్లాసుతోపాటు ఆ గీతను చూస్తూ నిలబడ్డారు.