షేడీ మనిషి ఒళ్ళో నా సర్టిఫికెట్లు

రెండు వేల మూడో, నాలుగో సంవత్సరం. హోసూరు ఫ్యాక్టరీలో నా కాంట్రాక్టు పని ఎప్పుడు ఊడుతుందో తెలియని రోజులవి. కృష్ణగిరిలో ఒక కంపెనీ వాళ్ళు ఒరిజినల్ సర్టిఫికెట్లతో పదకొండింటికి ఇంటర్వ్యూకు రమ్మన్నారు. హోసూరు పక్కనే ఉన్న మత్తిగిరిలో మా రూమ్మేటు గుమ్మం దాకా వచ్చి మరీ, "బస్సులో షేడీగాళ్ళుంటారు, జాగ్రత్తరా!" అన్నాడు. ఆ ఇంగ్లీషు మాట మా ఆఫీసులో అప్పుడే కొత్తగా దిగింది. దొంగ అనాలంటే ఏదో ఒకటి పోవాలి. షేడీ అనడానికి మొహం నచ్చకపోతే చాలు.

ఎనిమిదిన్నరకు హోసూరులో బస్సెక్కాను. గంటన్నర ప్రయాణం, టికెట్టు ఇరవై రూపాయల లోపే. కాలు పెట్టే సందు లేదు. ఆ దారిలో నిలబడ్డవాళ్ళ సంచులు కూర్చున్నవాళ్ళు ఒళ్ళో పెట్టుకుంటారు. ఎర్రటి కళ్ళు, మాసిన గడ్డం ఉన్న ఒకాయన నేను అడక్కుండానే చెయ్యి చాపి, "ఈడ ఇయ్యప్పా, యాడికి?" అన్నాడు. కృష్ణగిరికి ఇంటర్వ్యూ అని చెప్పి సర్టిఫికెట్ల సంచి ఇచ్చానే గానీ, నా ప్రాణమంతా దాని మీదే ఉంది. ఇంతలో జనం నన్ను వెనక్కి తోసేశారు. ఎవరో "అప్పా, అప్పా" అని పిలుస్తున్నారు. ఆ వైపు మగాళ్ళందరినీ అప్పా అనే పిలుస్తారు కదా, పట్టించుకోలేదు.

సగం దారిలో శూలగిరి దాటాక తొంగి చూస్తే సీట్లో ఆయన లేడు! "బస్సాపండి! ఆ ఎర్రకళ్ళ షేడీగాడు నా సర్టిఫికెట్లు ఎత్తుకుపోయాడు!" అని గావుకేక పెట్టాను. బస్సు ఆగింది.

ఆ పక్క సీట్లోని పెద్దావిడ కొంగు కింద నుంచి నా సంచి తీసింది. "ఏందప్పా ఆ అరుపు? ఆయప్పది అత్తిముగం ఊరు. రేయంతా చేనికి నీళ్ళు కట్టి నిద్దర లేదంట. దిగేటప్పుడు నిన్ను రెండు తూర్లు పిలిచినాడు, నువ్వు పలకలే. 'పిల్లోడు పనికోసరం పోతా ఉండాడు, కృష్ణగిరిలో చేతికియ్యమ్మా' అని నాకిచ్చి పోయినాడు." తర్వాత నా మొహంలోకి చూసి, "షేడీ అంటే ఏందప్పా?" అంది.

"ఏం లేదమ్మా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఉద్యోగం వచ్చింది. షేడీ అనే మాట మాత్రం మళ్ళీ నా నోట రాలేదు. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను: సంచి ఇచ్చేటప్పుడు మీరు దిగే ఊరు చెప్పండి. వాళ్ళు ముందు దిగితే పక్కవాళ్ళకు అప్పగించి వెళతారు. ఆ రోజు తిరుగు బస్సులో నాకు సీటు దొరికింది. పక్కన నిలబడ్డ కాలేజీ అమ్మాయి సంచి కోసం చెయ్యి చాపాను. ఆ అమ్మాయి నా మొహం ఒకసారి చూసి, సంచిని గట్టిగా హత్తుకుని, హోసూరు దాకా నిలబడే వచ్చింది.