రెండు టైర్ల మీద ఒకే గీత

ఆ రోజుల్లో వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక పెద్దమనిషి పేరు చెడగొట్టాను. తెలియక చేశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అందులో సగమే నిజం. పొద్దున తెలియకే చేశాను. సాయంత్రానికల్లా తెలిసింది. తెలిశాక కూడా నోరు మెదపలేదు. ఆ మెదపని నోటి గురించే ఇప్పుడు రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను (కనీసం మా నాన్న అలా నమ్మేవాడు). అసలు పని వేరే ఉండేది. బొమ్మ జీపులు, లారీలు, ట్యాంకులు చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలుగా డబ్బాల్లో వచ్చేవి. ముక్కల్ని అవి అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి కోసి, జిగురుతో అతికించి బండి కట్టుకోవాలి. కట్టేవాళ్లు కట్టుకునేవాళ్లు. నేను పరీక్షించేవాణ్ణి. డబ్బా మీద కొత్త లారీ బొమ్మ వేసి లోపల పాత లారీ ముక్కలే పెట్టారా? ఆ బండికి అక్కర్లేని భాగం ఒకటి చట్రంలో మిగిలి వాళ్లను పట్టిచ్చేది. అంచులు మొద్దుబారి, ఒంటి మీద గాలి బుడగలున్నాయా? అసలు ముక్క మీద అచ్చు తీసి పోసిన నకలన్నమాట. స్నేహితులు నెల రోజులు కూర్చుని కట్టిన బండిని భూతద్దంలో అర నిమిషం చూసి, "చెత్త" అని తేల్చి వాళ్ల టీ తాగి వచ్చేవాణ్ణి. ఈ విద్య తెలిసినవాణ్ణి జిల్లా మొత్తంలో నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. దాని అవసరం ఉన్నవాణ్ణి కూడా నేనొక్కణ్ణే అని అప్పుడు తట్టలేదు.

ఆ డబ్బాలు దొరికేది ఒక్క సామాన్ల దుకాణంలోనే. ఫ్లాస్కులు, కుక్కర్లు, టార్చిలైట్ల మధ్య ఒక అరలో వాటిని పేర్చేవాడు యజమాని. ఆయన ఏది అమ్మినా "పక్కా మాల్ బిడ్డా" అనేవాడు. అందుకే ఊరంతా పక్కా సేటు అని పిలిచేది. మా నాన్నకు స్నేహితుడు కాబట్టి నేను మాత్రం "కాకా" అని పిలిచేవాణ్ణి.

ఆయన దగ్గర ఒక జీపు డబ్బా కొన్నాను. స్పేర్‌తో కలిపి ఐదు టైర్లు. మొదటి రోజే మా నాన్న గడ్డం బ్లేడుతో ఐదింటినీ చట్రం నుంచి కోసి సబ్బు పెట్టెలో దాచాను. కోస్తుంటే బ్లేడు జారి ఒక టైరు మీద అడ్డంగా గీత పడింది. నా చేతి తప్పుల్ని గుర్తు పెట్టుకునే అలవాటు నాకు అప్పట్లో లేదు.

పది రోజుల తర్వాత పెట్టె తీసి భూతద్దం పెట్టాను. ఒక టైరు మీద గాలి బుడగలు! గోటితో గీకితే నలుపు రంగు ఊడి, కింద గులాబీ రంగు బయటపడింది. అంతకంటే ఘోరం, రెండు టైర్ల మీద ఒకేచోట, ఒకే పొడవున, ఒకే వంకరతో గీత. రెండోది మొదటిదాని నకలని చెప్పడానికి ఇంకేం కావాలి? నా జన్మ ధన్యమైంది. సైకిలెక్కి స్టేషన్ రోడ్డుకు పోయాను.

దుకాణం నిండా జనం. గడప మీద నిలబడి టైరు పైకెత్తి చూపాను.

"ఏంది కాకా ఇది? పాత బకెట్లు కరగబెట్టి టైర్లు పోసిండ్రా? రెండింటి మీద ఒక్కటే గీత! డూప్లికేట్ మాల్ అమ్ముతున్నవ్!"

కాక కళ్లజోడు పెట్టుకుని టైరును అటూ ఇటూ తిప్పాడు. "బిడ్డా, డబ్బ ఎట్లొస్తే నేనట్లనే ఇచ్చిన. సీలు గూడ నీ చేతులతోనే ఇప్పినవ్ గదా."

"సీలు ఎవలైనా ఏస్తరు!"

ఫ్లాస్కు బేరమాడుతున్న నర్సంపేట ఆసామి దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. "గట్లనా? అయితే గిది గూడ గసొంటిదేనా ఏంది?" అని చెప్పులు వేసుకున్నాడు. వెనకే ఇంకో ఇద్దరు. కాక ఆ ఫ్లాస్కును తువ్వాలుతో తుడిచి మళ్లీ అరలో పెట్టాడు. నేను మాత్రం సైకిల్ మీద ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

సాయంత్రం మా మేనబావ వచ్చాడు. హనుమకొండలో పండ్ల డాక్టరు దగ్గర కట్టుడు పండ్లు తయారుచేసే పని అతనిది. నా వీరగాథ అంతా విని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"బామ్మర్ది, కోపం జెయ్యకు. మొన్న నువ్వు లేనప్పుడు సబ్బు పెట్టె తీసిన. ఒక టైరు నా కాలు కింద పడి పచ్చడయింది. నువ్వు లొల్లి జేస్తవని ఇంకోటి తీస్కపోయి, సున్నపు అచ్చుల పెట్టి, పండ్ల చిగుళ్లకు పోసే మాల్‌తోని పోసిన. పైన నల్లరంగేసిన. మంచిగ రాలేదా?"

"మరి ఆ గీత?"

"అది ముందే ఉండె. నీ బ్లేడు జారిందే గదా!"

భూతద్దం పట్టుకున్న మహా నిపుణుడికి, తన బ్లేడు గీసిన గీత సీలు వేసిన డబ్బాలోకి ఎలా వెళ్లిందన్న చిన్న అనుమానం రాలేదు. "పోయి చెప్పరాదు?" అన్నాడు బావ. "రేపు చెప్తా" అన్నాను. పొద్దున గడప మీద నిలబడి అరిచినవాణ్ణి, అదే గడప మీద తలవంచుకుని నిలబడాలంటే సిగ్గేసింది. నెల తిరిగేసరికి ఆ అరలో డబ్బాలు పోయి ప్లాస్టిక్ మగ్గులు వచ్చాయి. కుర్రకారు ఆయన్ని డూప్లికేట్ సేటు అని పిలవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆయన నోట "పక్కా మాల్" అన్న మాట నేను వినలేదు. ఆ రోడ్డు వదిలి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి.

జుట్టు సగం నెరిశాక, మొన్న వెళ్లాను. కాక అదే బల్ల వెనక కూర్చున్నాడు. టైరు సంగతి నసుగుతూ మొదలుపెట్టానో లేదో, చెయ్యి అడ్డం పెట్టి, నోట్లోంచి కట్టుడు పండ్లు తీసి నా ముందు పెట్టాడు. గులాబీ రంగు చిగుళ్లు.

"గీ రంగు యాదికున్నదా? నీ బావనే కట్టిండు. కట్టిన నాడే అంత చెప్పిండు. నువ్వెప్పుడొస్తవా అని చూస్తున్న," అని బోసినోటితో అని, పండ్లు మళ్లీ పెట్టుకున్నాడు.

"తప్పయింది కాకా," అన్నాను మెల్లగా.

"అప్పుడు గింత మెల్లగ చెప్పినవా? గడప మీద నిలబడి ఒర్రినవ్. ఇప్పుడు గూడ గట్లనే ఒర్రు."

వెళ్లి గడప మీద నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. "ఈ సేటు అమ్మిన జీపు పక్కా మాల్! డూప్లికేట్ టైరు మా ఇంట్లనే పుట్టింది! నాకు తెల్సి గూడ చెప్పలే! మాఫ్ చెయ్యి కాకా!"

కుక్కరు రబ్బరు కోసం వచ్చిన ఒకావిడ నన్ను ఎగాదిగా చూసింది. "జీపులా? ఈడ జీపులెప్పుడు అమ్మిండ్రు?"

"అమ్మినం బిడ్డా," అన్నాడు కాక, రబ్బరు ఆవిడ చేతిలో పెడుతూ. "పక్కా మాల్."