అమావాస్య బ్యాండుకు కొత్త గొంతు

నాకు ముక్కు మీద కోపం. ఇది నేను గొప్పగా చెప్పుకునే మాట కాదు, పెళ్లైన మూడో రోజునే మా ఇంటాయన తేల్చేసిన మాట. ఆ తీర్పు మీద ఇప్పటిదాకా అప్పీలు లేదు. ఆ కోపంతోనే నేను ఒకసారి మా ఊరి రాక్ బ్యాండును మూయించినంత పని చేశాను. ఈ సంగతి ఊళ్లో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి, తప్పు చేసిన మనిషిగా అసలు ఏం జరిగిందో నేనే చెప్పేస్తాను.

మా ధర్మవరంలో అమావాస్య నాడు నేతగాళ్లు మగ్గం గుంతలోకి దిగరు. మిగతా రోజుల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మగ్గం చప్పుడు ఆగదు గానీ, ఆ ఒక్కరోజు వీధి వీధంతా సద్దు మణుగుతుంది. ఆ సెలవు సాయంత్రాలను మా బ్యాండు పట్టేసుకుంది. నాలుగున్నరకు కల్యాణమండపం వెనక ఖాళీ జాగాలో మొదలుపెట్టి, దీపాలు పెట్టే వేళకు ముగించేవాళ్లు. గిటారు వాయించే అన్న, డ్రమ్ములు కొట్టే అన్న ఇద్దరూ నేతగాళ్లే. కీబోర్డు ముందు కూర్చునే ఆయన బడిలో లెక్కల మాస్టరు, వాయించేటప్పుడు కూడా మన హోంవర్కు దిద్దుతున్నట్టే ముఖం పెడతాడు. నాలుగో ఆయన పాడేవాడు. పగలంతా పట్టుచీర నేసి, అమావాస్యకు మాత్రం నల్లచొక్కా తొడుక్కుని మైకు పట్టుకునేవాడు.

సినిమా పాటలు వాళ్లు ముట్టరు. అన్నీ సొంతంగా కట్టుకున్నవే. మూడు బోర్లు వేయిస్తే మూడింట్లోనూ దుమ్మే లేచిన రైతు మీద ఒకటి, అత్తగారి కమ్మల మీద ఒకటి, చెయ్యెత్తినా ఆగకుండా పోయే బస్సు మీద ఒకటి. బస్సు పాట ఎత్తుకున్నారంటే వినడానికి వచ్చే మేము నలభై మందిమీ కుర్చీల్లోంచి లేచిపోయేవాళ్లం. ఆ బస్సు దుమ్ములో కనబడకుండా పోయే రెండో చరణంలో ఆ నల్లచొక్కా అన్న గొంతు మెల్లగా కిందికి దిగేది. దిగి దిగి ఎక్కడో అడుగున ఆగేది. అక్కడ నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరించేది. నాది ఎప్పుడూ ముందు వరస కుర్చీ, ఒళ్లో ఉడకేసిన చెనిక్కాయలు, చేతిలో ఫోను. ప్రతి కచేరీ రికార్డు చేసేదాన్ని, ఎలాగూ వచ్చే అమావాస్యకు మళ్లీ వింటాను కదా అని ఇంటికెళ్లి తెరిచేదాన్ని మాత్రం కాదు. బ్యాండు దగ్గర కూడా లేనన్ని పాటలు నా ఫోనులో ఉన్నాయని ఎవరు అడిగినా, అడగకపోయినా చెప్పేదాన్ని.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాల్చిన నల్లచొక్కా అన్న మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. నలభై మూడేళ్లు. ఆ తర్వాత రెండు అమావాస్యలు పాట లేకుండానే గడిచాయి. రెండోసారి అలవాటు చొప్పున కల్యాణమండపం వెనక్కి వెళ్లి, ఖాళీ జాగాను చూసి, దాని మీద కూడా కోపం తెచ్చుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ వారంలోనే గిటారు అన్న మా ఇంటికి వచ్చి, పాటలన్నీ పంపించమ్మా అని అడిగాడు. సంతాప సభకేమో అనుకుని నేను మురిసిపోతూ పంపించాను. ఒక్కటి కూడా తెరిచి వినలేదు. ఆయన గొంతు వినే ధైర్యం నాకు లేకపోయింది. సభ లేదు, గిభ లేదు. నెల తిరిగేసరికి బ్యాండుకు కొత్తగా పాడే మనిషి వచ్చిందన్న కబురు వచ్చింది. అదీ ఒక ఆడపిల్ల. మడకశిర దగ్గర గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల, ఇంట్లో కన్నడం, బయట మా తెలుగు.

ఇక పాట వినేవాళ్లం పెట్టుకున్న మా వాట్సాప్ గుంపులో మంట అంటుకుంది. ఆయన చోట ఇంకొకరా అని ఒకరు. మైకుకు పూలదండ వేసి, ఫోనులో పాట పెట్టి, మిగతావాళ్లు వాయిస్తే చాలదా అని ఒకరు. గిటారు అన్ననే పాడమందామని ఇంకొకరు అంటే, ఆయన గొంతు నీళ్లు లేని బోరు మోటరు లాంటిదని డ్రమ్ముల అన్నే వచ్చి సాక్ష్యం చెప్పాడు. పిల్ల పాడితే పాడనీ గానీ నల్లచొక్కా మాత్రం తొడుక్కోవాలని ఒకావిడ పట్టుబట్టింది. మాతోపాటు ముందు వరసలో కూర్చునే దర్జీ చాచా ఒక్కడే వేరే దారిలో మాట్లాడాడు. తన దుకాణంలో ముగ్గురు మాస్టర్లు మారారట, ప్రతిసారీ పాత మాస్టరే బాగా కుట్టేవాడని జనం ఏడ్చారట, అయినా ఎవరూ బట్టలు లేకుండా తిరగలేదట. చాచా మాటను నేను చెవిన వేసుకోలేదు. కొత్త గొంతు వద్దే వద్దన్న జట్టుకు నేనే పెద్దనయ్యాను. ఎవరూ ఎన్నుకోలేదు, నా అంతట నేనే అయ్యాను.

ఆ అమావాస్యకు పిల్ల వచ్చి నిలబడింది. బక్కపలచని మనిషి, లంగా ఓణీ, జడకు కనకాంబరాలు. బోరు పాట బాగానే పాడింది, ఆ మాట నేను పైకి అనలేదు. అత్తగారి కమ్మల పాట మధ్యలో ఎందుకో ఒక్క క్షణం ఆగి, తర్వాత ఎత్తుకుంది. ఆ వెనకే బస్సు పాట వచ్చింది. రెండో చరణానికి రాగానే, అన్న గొంతు దిగే చోట ఈ పిల్ల గొంతు పైకి ఎక్కింది. ఎక్కి, చివర్లో ఒక చిన్న విరుపు విరిచింది. నేను అక్కడే లేచి నిలబడ్డాను. ఆయన ఎప్పుడూ ఇలా పాడలేదు, రానప్పుడు నేర్చుకుని రావాలి గానీ ఆయన పాటను ఇట్లా పాడు చేయకూడదు అని నలభై మంది ముందు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాను. నా వెనక సగం మంది అవునవునన్నారు. ఆ పిల్ల మైకు కిందికి దించి నా వైపే చూస్తూ ఉండిపోయింది. గిటారు అన్న ఏదో అనబోయి ఆగాడు, కాసేపు తీగలు సవరించుకున్నాడు.

"వచ్చే అమావాస్యకు ఇంగొకసారి ఇనండి," అన్నాడు చివరికి. "అప్పుడు గూడా వద్దంటే బ్యాండు మూసేస్తాం. ఈ పాప నాయన బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీలో పని మాట్లాడిపెట్టినాడు. ఆ పొద్దు వరకే గడువు ఇచ్చినాడు."

ఆ పిల్ల బతుకు మా నలభై మంది చేతుల్లోకి, అంటే నా నోట్లోకి వచ్చి పడింది. అయినా నేను తగ్గలేదు. గుంపులో పెద్ద వాయిస్ మెసేజ్ పెట్టాను. వద్దనేలా అందరినీ ఒప్పించాను. ఒక్క చాచా మాత్రం జవాబుగా సూది దారం బొమ్మ పెట్టాడు, దాని అర్థం ఇప్పటికీ తెలియదు. అసలు పాట ఎలా ఉంటుందో అందరికీ మళ్లీ వినిపిస్తే ఇక ఎవరూ నోరెత్తరని నాకు తోచింది. అందుకని ఒకరోజు పొద్దున, మా ఇంటాయన నేస్తూ ఉండగా, పక్కన కండెలకు దారం చుట్టుకుంటూ ధైర్యం చేసి ఫోనులో బస్సు పాట పెట్టాను.

ముందు గిటారు వినిపించింది. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, చెవికి ఆనించి పాడినంత దగ్గరగా. ఎక్కడో దూరంగా, ఆ గొంతు వెనక, అన్న పాడుతున్నాడు. రెండో చరణం వచ్చింది. అన్న గొంతు కిందికి దిగుతోంది. ఈ ఆడమనిషి మాత్రం దిగడం చేతకాక పైకి పోయింది. పోయి, ఊపిరి చాలక చివర్లో ఒక విరుపు విరిచింది. మా ఇంటాయన మగ్గం ఆపాడు.

"అది నీ గొంతే గదా మే," అన్నాడు.

ఆయన మగ్గం గుంతలోనే కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. కచేరీల్లో నేను పక్కనుంటే అసలు పాట తనకు ఎన్నడూ వినబడలేదట, పెళ్లాంతో పెట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాడట. ఒక్కొక్కటే అన్ని పాటలూ విన్నాను. అన్నింట్లోనూ ముందు నేను, వెనక ఆయన. అత్తగారి కమ్మల పాట మధ్యలో నేను పాట ఆపి, చెనిక్కాయలు ఇటు ఇవ్వమని మా ఇంటాయనను అడుగుతున్నాను. పాపం ఆ పిల్ల సరిగ్గా అక్కడే ఆగింది. పొరపాటు చేయని పిల్ల, నేను పంపిన పాటలు విని నా పొరపాట్లన్నీ అక్షరాలా నేర్చుకుని వచ్చింది.

నిజం చెప్పాలంటే ముందు దాచేద్దామనే అనుకున్నాను. పాటలన్నీ తుడిచేస్తే ఎవరికి తెలుస్తుంది? రెండు రోజులు ఆ ఆలోచనతోనే అన్నం తిన్నాను, ఏ కూర వండానో కూడా గుర్తులేదు. కానీ ఫోను తెరిచినప్పుడల్లా, మైకు దించి నా వైపు చూసిన ఆ పిల్ల ముఖమే కనిపించేది. నేను నోరు మూసుకుంటే, నేను చేసిన తప్పుకు ఆమె బెంగుళూరు బస్సు ఎక్కుతుంది. మూడో రోజు మధ్యాహ్నం గిటారు అన్న ఇంటికి వెళ్లాను. ఆ పిల్ల వాళ్లింట్లోనే ఉండి నేర్చుకుంటోంది.

చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. అంత సులువుగా కోపం వచ్చే నాకు, క్షమించమనే మాట ఎక్కడ దొరుకుతుందో తెలియదు. చెప్పడం అయ్యాక ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"దాంట్లో రెండు గొంతులుండాయని తెలుసక్కా," అంది. "అన్న గొంతు శానా దూరంగా ఉండాది. దగ్గరుండే గొంతుకు ఆ పాటంటే ప్రాణమని తెలుస్తాండాది. అందుకే దాన్ని పట్టుకున్నా."

నాకు తల కొట్టేసినట్టయింది. గిటారు అన్న వైపు తిరిగి, నీకు ముందే తెలుసా అని అడిగాను. మొదటి రోజే తెలుసునట, పిల్ల అంత ప్రాణం పెట్టి పాడుతుంటే దిద్దబుద్ధి కాలేదట. మరి నేను ఆ రోజు అంత మాట అంటుంటే ఎందుకు ఊరుకున్నావంటే, ఆయన గిటారును గోడకు ఆనించి నెమ్మదిగా చెప్పాడు.

"నువ్వు ఆయప్ప కోసరం కొట్లాడతాండావు. అట్లాంటి మనిషికి నలభైమంది ముందర, ఆ తప్పు నీదేనమ్మా అని ఎట్ల చెప్పేది?"

బ్యాండు పోయినా సరే అనుకున్నాడు గానీ, నా పరువు తీయలేకపోయాడు. నేనేమో ముక్కూ ముఖం తెలియని పిల్ల పరువు ఒక్క నిమిషంలో తీసిపారేశాను. ఇంటికి వచ్చేటప్పుడు దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను, అదీ గట్టిగానే. ఎదురొచ్చినవాళ్లు ఫోనులో ఎవరితోనో పోట్లాడుతున్నాననుకుని పక్కకు తప్పుకున్నారు.

అమావాస్య వచ్చింది. ఈసారి నలభై మంది కాదు, తీర్పు ఏమవుతుందో చూద్దామని వచ్చినవాళ్లతో జాగా నిండిపోయింది. పాట మొదలుకాక ముందే నేను లేచి ముందుకు వెళ్లాను. అందరూ పిల్లను తిట్టబోతున్నానని సర్దుకుని కూర్చున్నారు. మైకు వద్దన్నాను, నా గొంతుకు మైకు అక్కర్లేదని అందరికీ తెలుసు. ఆ పైకి ఎక్కే స్వరం నాదని, ఆ విరుపు నాదని, చెనిక్కాయల కోసం ఆగింది కూడా నేనేనని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత చాచా నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వు నుంచి వరస వరసకీ నవ్వు పాకింది. లెక్కల మాస్టరు కూడా నవ్వాడు. నల్లచొక్కా కావాలన్నావిడైతే కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది. నేను వచ్చి నా చోట కూర్చున్నాను, ముఖం చెల్లక నేలను చూస్తూ.

నవ్వులు సద్దుమణిగాక ఆ పిల్ల మైకు దగ్గరికి వచ్చి, రెండో చరణం అన్న పాడినట్టు దించమంటావా, నువ్వు పాడినట్టు ఎక్కించమంటావా అక్కా అని నన్నే అడిగింది. ఇంత జరిగాక కూడా నన్నే అడిగింది. నీకు ఎలా వస్తే అలా పాడు అన్నాను.

బస్సు పాట ఎత్తుకుంది. రెండో చరణంలో దించలేదు, ఎక్కించలేదు. బీడు మీద దూరంగా పోతున్న గొర్రెను పిలిచినట్టు, ఒకే స్వరాన్ని తిన్నగా సాగదీసింది. చాలాసేపు. వెళ్లిపోయిన బస్సు ఇంకా వినిపిస్తుందేమోనని మేమంతా చెవులు రిక్కించాం. అందులో నా గొంతు లేదు. ఎంత వెతికినా ఆయన గొంతు కూడా లేదు. ఆయన లేడన్న మాట అప్పుడు నాకు తగిలింది. ఇన్ని నెలలూ నేను ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. ఖాళీ జాగా మీద, గుంపు మీద, ఈ పిల్ల మీద కోపంతోనే కాలం గడిపేశాను. ఆ స్వరం కింద కూర్చుని, అందరూ చూస్తుండగానే, ఆయన కోసం వెక్కి వెక్కి ఏడ్చాను.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు, తీర్పు నేనే చెప్పాలన్నట్టు. గిటారు అన్న తీగల మీద చెయ్యి పెట్టి ఉంచాడు. ఆ పిల్ల మైకును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుని, వచ్చినంత గొంతుతో చెప్పాను.

"ఇంగొకసారి పాడు పాపా."