కట్టు విప్పిన మాస్టారు

ఇందుమూలముగా నరసరావుపేట పురజనులకు తెలియజేయడమేమనగా: నేటి నుంచి ఎవరైనా సరే మూతి ముడుచుకోవచ్చు, మీసం మెలేయవచ్చు, ఊరికే కళ్లెర్రజేయవచ్చు. ఎందుకని ఆపి అడిగే మనిషి లేడు. పంతుళ్లకు చదువు చెప్పే ట్రైనింగు స్కూల్లో మనస్తత్వశాస్త్రం బోధించిన మా మాస్టారు మొన్న తెల్లవారుజామున పోయారు.

నేను మూడో ఫారంలోనే చదువుకు దణ్ణం పెట్టినవాణ్ణి. వేషాలు కట్టి ఊరిని ఏడిపించడం నా సరదా. ఓనాడు కోర్టు అమీనాలా తయారై జప్తుకొచ్చానంటూ మాస్టారి గుమ్మమెక్కాను. ఆయన బెదరలేదు సరికదా, నా తలపాగా సర్ది, "వేషం కుదిరిందిరా. రేపు మా క్లాసుకు రా, పనుంది" అన్నారు.

పనంటే ఊరికే నిలబడటమే. పొద్దున ఒక తరగతికి నన్ను కాశీలో చదివిన పండితుడని చూపించారు. మధ్యాహ్నం ఇంకో తరగతికి, అదే చొక్కాలో, నిన్ననే జైలు నుంచి వచ్చాడన్నారు. నా ముఖంలో ఏం కనబడుతోందో చెప్పమన్నారు. పొద్దుటి క్లాసువాళ్లు నా కళ్లలో తేజస్సు చూశారు. మధ్యాహ్నానికి అవే కళ్లలో కత్తులు. ఆ కళ్లతోనే ఇంటికెళితే మా ఆవిడ, "ఏంది, క్లాసులో నిద్రపోయొచ్చావా?" అంది.

ఆ మాట చెబితే మాస్టారు పడీపడీ నవ్వి, "ఆమెకెవరూ ముందే చెప్పలేదు గదరా, అందుకని నీ ముఖమే చూసింది" అన్నారు.

ఎవరి మీద చాడీ చెప్పబోయినా ముందు దోసిట్లో మరమరాలు పోసేవారు. "తిని చెప్పు. ఆకలేసినోడికి ఊరంతా కోపంగానే కనబడుద్ది."

ఓసారి స్కూల్లో చదువుకునే పంతులొకాయన జేబుగడియారం పోయింది. వసారాలో నాపరాళ్లు పరుస్తున్న, దుర్గి ఊరి నుంచి వచ్చిన పనివాణ్ణి స్తంభానికి కట్టేశారు. ఠాణాకు పంపితే అతని వీపు మీద తోలు మిగలదు.

"చూడండి మాస్టారూ, ఎట్టా వణుకుతున్నాడో! దొంగ వీడే!" అన్నాడా పంతులు.

"నిన్ను కట్టేస్తేనో?"

"తప్పు చేయనివాణ్ణి, నేనెందుకు వణుకుతానండీ?"

"ఒరేయ్, తాడు పట్రా" అన్నారు నాతో మాస్టారు.

పంతుల్ని పక్క స్తంభానికి కట్టాను. సంబరం కొద్దీ ముళ్లు నాలుగు ఎక్కువే పడ్డాయి. చుట్టూ మూగి, కళ్లలోకి గుచ్చి చూశాం.

"ఏంది పంతులూ, నీ గడియారం నువ్వే తీశావా?" అన్నాను.

పంతులు మోకాళ్లు టకటకలాడాయి. ఆ వణుకుకి కోటు లోపలి జేబులోంచి గడియారం కిందపడింది.

హమ్మయ్య అనుకున్నారా? ఆ గడియారం పడటం నా కల్పన. అది నేటికీ దొరకలేదు. దొరికిందని చెప్పకపోతే మీరు కూడా ఆ దుర్గి మనిషి ముఖంలోకి అదోలా చూస్తారని పడేశాను.

"ఎవరు తీశారో తెలియకుండా వదిలేస్తారా?" అని అరిచాడు పంతులు.

"తెలియదు గనకే విప్పుతున్నా" అన్నారు మాస్టారు. పనివాడి కట్టు ముడి రాకపోతే వంగి పళ్లతో లాగారు.

అతను కమిలిన మణికట్లు రుద్దుకుంటూ సగం పరిచిన రాయి దగ్గరికే వెళ్లాడు. చేతులింకా వణుకుతున్నాయి. మాస్టారు పంచె ఎగ్గట్టి, ఆ రాయి రెండో కొస పట్టుకున్నారు.